నాలుగు కుక్కలతో లంకమలకా?

పాఠకుల ప్రశ్నలకు కడప నుంచి ఒక విశ్రాంత పశువైద్యురాలి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చలికాలం నడకల గురించే. సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి కదా, అందరికీ కాళ్లు దురద పెడుతున్నాయి. ప్రొద్దుటూరు ఉత్తరానికి పెద్ద జవాబే రాయవలసి వచ్చింది. తమకు నాలుగు ముక్కలే దక్కాయని మిగతావారు అలగవద్దు.

*

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారం. మా ఇంట్లో నాలుగు కుక్కలు. ఆరేళ్ల లాబ్రడార్ ఒకటి, రెండేళ్ల ముధోల్ జాతి వేటకుక్క ఒకటి, వీధిలో దొరికితే తెచ్చి సాకిన నాటుకుక్కలు రెండు, అవి తల్లీకూతుళ్లు. కెనడాలో ఉండే మా అబ్బాయి మంచు పడిన అడవిలో నాలుగైదు కుక్కలను వదిలేసి వెనకాల నడిచే వీడియోలు పంపుతుంటాడు. పండక్కి వాడు వస్తున్నాడు. లంకమల అడవిలో కుక్కలతో ఒక రోజంతా నడవాలని మా ఆశ. కోడి కూయకముందే బయలుదేరి, పొద్దు గూకే వేళకు దిగాలనుకుంటున్నాం. ఏమేమి వెంట ఉండాలి? కుక్కలకు బూట్లు, స్వెటర్లు తెస్తానంటున్నాడు మా అబ్బాయి. తెమ్మనమంటారా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు వద్దనే మాట చెప్పేస్తాను తల్లీ, ఆ తర్వాత కావలసినంత సలహా ఇస్తాను. లంకమలలోకి కుక్కలను తీసుకెళ్లకండి. అది అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా మనమే అడుగు పెట్టకూడని చోటు, నాలుగు కుక్కల సంగతి చెప్పాలా? ఆ చట్టం వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలో చంపడమొక్కటే లేదు, తరమడమూ ఉంది. మీ ముధోల్ ఒక చెవులపిల్లి వెంట పడిందంటే చట్టం దృష్టిలో మీరూ వేటగాళ్లే. పైగా మన కొండల్లో ఎర్రచందనం దొంగల బెడద ఉంది. తెల్లవారకముందు టార్చిలైట్లతో అడవి అంచున కనిపించిన గుంపును అటవీ సిబ్బంది అనుమానంగానే చూస్తారు. వాళ్లను నేను తప్పుపట్టను.

చట్టం సంగతి అలా ఉంచండి. లంకమల పొదల్లో కలివికోడి అని ఒక పిట్ట ఉండేది. 1900 తర్వాత దాన్ని చూసినవారు లేరు, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో మన జిల్లాలోనే రెడ్డిపల్లె దగ్గర ఒకటి దొరికింది. పగలంతా పొదల నీడన నేలమీదే అణిగి ఉండి, రాత్రుళ్లు తిరిగే పక్షి అది. అలాంటి పొదల్లోకి నాలుగు ముక్కులను వదిలితే ఏమవుతుందో ఊహించుకోండి. కుక్కల నుంచి అడవికి అంటుకునే జబ్బులు వేరే. 2018లో గిర్ అడవిలో సింహాలు వరసగా చనిపోయినప్పుడు కొన్నింటిలో బయటపడింది డిస్టెంపర్ వైరస్, అంటే మన కుక్కపిల్లలను చంపే వైరసే.

అలాగని ఇంట్లో కూర్చోమని కాదు. ఊరి గుట్టలు, చెరువు కట్టలు, బంధువుల తోటల వెనకాల బీళ్లు, మీ ఊరి పక్కనే ఉన్న పెన్నా ఒడ్డు, ఇవన్నీ కుక్కలకు అడవే. వాటికి కావలసింది వాసనలు. బోర్డు మీద ఏమి రాసి ఉందో అవి చదవవు. ఆ నేల ఎవరిదో, దాటితే ఎక్కడి నుంచి రిజర్వు ఫారెస్టు మొదలవుతుందో ముందు రోజు ఊళ్లో అడిగి తెలుసుకోండి. కెనడా వీడియోల మాటకొస్తే, ఆ దేశపు జాతీయ పార్కుల్లో కూడా కుక్క మెడకు పట్టీ ఉండాలన్నదే నియమం. వదిలి తిప్పడానికి అనుమతి ఉన్న చోట్లు వేరే ఉంటాయి. మీ అబ్బాయికి ఈ సంగతి తెలిసే ఉంటుంది, అడిగి చూడండి.

ఇప్పుడు అసలు విషయం. ఎక్కడికి వెళ్లినా, ఎంత నిర్మానుష్యంగా ఉన్నా, నాలుగింటిలో ఒక్కదాన్ని కూడా విప్పకండి. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

పదిహేనేళ్ల కిందటి మాట. అప్పుడు నేను సిద్ధవటం వైపు పనిచేస్తుండేదాన్ని. సంక్రాంతికి వారం ముందు ఒక ఆదివారం, నావి మూడు, పక్కింటివారివి రెండు, మొత్తం అయిదు కుక్కలతో పెన్నా దాటి ఒక గుట్ట మొదలుకు వెళ్లాం. తోడు పక్కింటి కుర్రవాడు, పద్నాలుగేళ్లుంటాయి. మనిషి అలికిడి లేదు, ఎండ ఇంకా పసుపుగా ఉంది, కుక్కలు గొలుసులు లాగుతున్నాయి. పాపం అనిపించింది. అయిదింటినీ విప్పేశాను. పశువైద్యురాలిని, నాకు తెలియదా అన్న ధీమా ఒకటి.

పది నిమిషాలు ఎంత ముచ్చటగా నడిచాయో చెప్పలేను. తంగేడు పొదలో నుంచి చెవులపిల్లి లేచింది. అంతే, అయిదూ ఒకే కుక్క అయిపోయాయి. ఒంటరిగా ఉన్న కుక్క పిలిస్తే ఒక క్షణమైనా వెనక్కి చూస్తుంది. గుంపులో ఉన్న కుక్కకు మన గొంతు వినపడదు, పక్క కుక్క పరుగే వినపడుతుంది. ఇరవై నిమిషాలకు నాలుగు తిరిగి వచ్చాయి, నాలుకలు వేలాడేసుకుని, సిగ్గు లేకుండా. బూచి రాలేదు. బూచి అంటే నల్లటి నాటుకుక్క, కుడి చెవి చివర కొంచెం తెగి ఉండేది.

రెండు గంటలు వెతికాం. చిక్కుకున్న కుక్క అరుస్తుందని, అరుపు వినపడుతుందని నా నమ్మకం. అరవలేదు. చివరికి మా ముసలి ఆడకుక్క మల్లి ఒకచోట నిలబడిపోయింది, ఎంత లాగినా కదలలేదు. దాని ముక్కు చూపిన వైపు బలుసు పొద. పొద కింద నేలకు కరుచుకుని బూచి పడి ఉంది, కళ్లు మాత్రం తెరిచి. నడుము చుట్టూ బైకు క్లచ్చి తీగ. అడవిపందికి ఎవరో పెట్టిన ఉచ్చు. తీగ రెండో కొస పొద మొదలుకు మూడు చుట్లు చుట్టి ఉంది. బూచి ముందుకు లాగిన కొద్దీ బిగిసింది, బొచ్చులో మునిగి తీగ కనిపించడమే లేదు, వేలితో తడిమితే గాడి మాత్రం తగిలింది. నా సంచిలో నీళ్ల సీసా, బిస్కెట్లు, కెమెరా ఉన్నాయి. తీగ కత్తిరించే వస్తువు ఒక్కటీ లేదు.

ఆ కుర్రవాడు ఒక మోటారు షెడ్డు వెతుక్కుంటూ పరుగెత్తాడు. వాడు కటింగ్ ప్లేయరుతో తిరిగి వచ్చేదాకా నేను బూచిని పొద మొదలు వైపు నెట్టి పట్టుకుని కూర్చున్నాను, తీగ వదులుగా ఉండాలని. వాడు వచ్చాక తీగను మెలి ఉన్నచోట కాకుండా పక్కన తెంపాం. ఇంటికి తెచ్చి చూస్తే తోలు ఒకచోటే తెగింది, పదకొండు కుట్లు పడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను. నాలుగో రోజు ఉదయం తీగ బిగిసిన గీత పొడవునా తోలు నల్లబడి ఊడిరావడం మొదలుపెట్టింది. నెత్తురు ఆడక చచ్చిన కండ వెంటనే బయటపడదు, మూడు నాలుగు రోజులు దాక్కుంటుంది. ఉచ్చులో పడిన జంతువు బాగానే లేచి నడుస్తోందని ఊరుకోకూడదన్న సంగతి కాలేజీలో చదివాను, బూచి దగ్గర నేర్చుకున్నాను. రెండు నెలలు కట్లు కట్టాను. బతికింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నా ఎడమ మోకాలు దాటి ముందుకు నడవలేదు. కటింగ్ ప్లేయరు మాత్రం ఆ రోజు నుంచి నా సంచిలో నుంచి తీయలేదు. మీ సంచిలోనూ మొదట అదే వేసుకోండి.

ఉచ్చు కంటే ఘోరమైనది కరెంటు తీగ. వేరుశనగ, శనగ చేలలోకి పందులు రాకుండా కొందరు రాత్రిపూట చేను చుట్టూ తీగ లాగి కరెంటు ఇస్తారు. నేరమని తెలిసీ ఇస్తారు. తెల్లవారాక కూడా తీయడం మరిచిపోయిన సందర్భాలున్నాయి. అందుకే మీరు కోడి కూయకముందు బయలుదేరడం నాకు సుతరామూ ఇష్టం లేదు. గట్ల మీదుగా అడ్డదారి పట్టకండి, బండిబాట మీదే నడవండి. కుక్క ఒక్కసారిగా కీచుమని పడిపోయి కొట్టుకుంటుంటే దాన్ని పట్టుకోవద్దు, దాని గొలుసూ పట్టుకోవద్దు. ముందు కరెంటు ఆగాలి. కుక్కకోసం చెయ్యి చాపి మనుషులు పోయిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక ఎవరు ఎవరిని పట్టుకోవాలి? ఒక మనిషికి రెండు కుక్కలు, అదే ఎక్కువ. మీకు నాలుగు కాబట్టి ఇద్దరు పట్టుకోవాలి, మూడో మనిషి చేతులు ఖాళీగా ఉండాలి. ఆ మూడో మనిషే ముఖ్యం. దారి చూసేది, సంచి మోసేది, ఏదైనా జరిగితే పరుగెత్తేది అతనే. తల్లీకూతుళ్లను ఒకరికి, లాబ్రడార్‌ను, ముధోల్‌ను ఒకరికి ఇవ్వాలని మీకు తోచవచ్చు. అలా వద్దు. ముధోల్ లాగితే లాబ్రడార్ తోడు లాగుతుంది, మీ అబ్బాయి భుజం ఊడుతుంది. ముధోల్ పక్కన తల్లికుక్కను ఉంచండి. పెద్ద ఆడకుక్క పక్కన ఉంటే కుర్ర కుక్కకు కాస్త బుద్ధి వస్తుంది. ఆరడుగుల మామూలు పట్టీ చాలు. బొత్తాం నొక్కితే సాగే రకం పట్టీ ముళ్లకంపలో చిక్కుకుంటే విడదీయడానికి అరగంట పడుతుంది. మెడపట్టీ కంటే ఛాతీకి వేసే పట్టీ మేలు. కొత్తది కొంటే ఇంట్లోనే వారం రోజులు వేసి తిప్పండి, లేకపోతే చంకల్లో ఒరుసుకుపోతుంది. ఏ ఆడకుక్కయినా ఎదకు వచ్చి ఉంటే దాన్ని ఇంట్లోనే ఉంచండి, మిగతావాటి మధ్య కొట్లాట తప్పుతుంది.

వేళ గురించి. జనవరిలో మనకు ఆరున్నర దాటాకే పొద్దు పొడుస్తుంది. ఏడుకు నడక మొదలుపెట్టి, పదిన్నరకల్లా బండి దగ్గరికి తిరిగి రండి. సాయంత్రం నడక అసలు వద్దు. మునిమాపు వేళ చిరుత తిరిగే వేళ. చిరుతకు కుక్క కంటే సులువైన ఆహారం లేదు. ఎలుగుబంటి సంగతి ఇంకో రకం. ఈ నెలలో రేగుపండ్లు పండుతాయి. భోగినాడు పిల్లల నెత్తిన పోస్తామే, అవే. ఎలుగుకు అవంటే ప్రాణం. రేగు పొదలో మునిగి తింటున్న ఎలుగుకు చెవి పెద్దగా పనిచేయదు, దగ్గరికి వెళ్లేదాకా తెలుసుకోదు, తెలుసుకున్నాక పారిపోకుండా మీదికే వస్తుంది. వదిలేసిన కుక్క దాన్ని మొరిగి రెచ్చగొట్టి, భయపడి యజమాని కాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తుంది, వెనకాల ఎలుగును తీసుకుని. కాబట్టి రేగు పొదలు దట్టంగా ఉన్న వాగు పక్కలకు పోకండి, మాట్లాడుకుంటూ నడవండి. మన వాళ్లకు ఆ విషయంలో ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇప్పుడు బూట్లు, స్వెటర్లు. లాబ్రడార్ పూర్వీకులు మీ అబ్బాయి ఉన్న కెనడాలోనే న్యూఫౌండ్‌లాండ్ దీవి దగ్గర గడ్డకట్టే నీళ్లలో దూకి జాలరులకు సాయం చేసిన కుక్కలు. దాని ఒంటిమీద దేవుడు కుట్టిన స్వెటరు రెండు పొరలు ఉంది. మన చలి దానికి చలే కాదు. తెల్లవారుజామున ముధోల్ కొంచెం వణకవచ్చు, సన్నని బొచ్చు కదా, పది నిమిషాలు నడిస్తే అదే వేడెక్కుతుంది. మంచు దేశంలో బూట్లు ఎందుకంటే వేళ్ల మధ్య మంచు గడ్డలు కట్టకుండా, రోడ్ల మీద చల్లిన ఉప్పు మండకుండా. మనకు ఆ రెండూ లేవు. ఒక్క బూటు మాత్రం తెమ్మనండి. పాదం తెగితే కట్టు కట్టి పైన తొడగడానికి పనికొస్తుంది.

మీరు భయపడవలసింది చలికి కాదు, పదకొండు గంటల ఎండకు. కడప చలికాలపు మధ్యాహ్నం ఇంకో ఊరి వేసవి. కుక్కకు ఒంటి నిండా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని ఫ్యాను. నాలుక వెడల్పయి చెంచాలా వంగి, చిగుళ్లు ఇటుక రంగుకు తిరిగి, కాళ్లు తడబడుతున్నాయంటే నడక అక్కడితో ఆపండి. నీడకు చేర్చి ఒంటిమీద నీళ్లు పోసి, టవలుతో విసరండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. మీ నాలుగింటిలో ముందుగా పడేది లాబ్రడారే. నడక వేగం దానికి తగ్గట్టు ఉండాలి, ముధోల్‌కు తగ్గట్టు కాదు.

నీళ్లు కుక్కకు లీటరు చొప్పున నాలుగు లీటర్లు, మీవి వేరే. నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు, మూడో మనిషి ఎందుకో ఇప్పుడు అర్థమైందా? వాగు గుంటల్లో నిలిచిన నీరు తాగనివ్వద్దు, ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అలాంటి నీళ్లలోనే ఉంటుంది. బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టి నడిపించకండి, పెద్ద కుక్కలకు జీర్ణకోశం మెలితిరిగే ప్రమాదం ఉంది. మూడు గంటల ముందు కొంచెం పెట్టి, దారిలో ఉడికిన గుడ్డో, ఉప్పు లేని సంకటి ముద్దో పెట్టండి.

ఇంటికి వచ్చాక అరగంట పని ఉంది. వరండాలో కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఒళ్లో వేసుకోండి. పల్లేరుకాయ గుచ్చుకుంటే కుక్కే కుంటి చెబుతుంది, సులువు. ఎండిన గడ్డి గింజతోనే తంటా. ఈ నెలలో గుట్టల మీద గడ్డి పండి ఎండి ఉంటుంది. ఆ గింజకు ఒక చివర సూది, ఇంకో చివర మెలితిరిగిన తోక. సూది దగ్గర వెనక్కి వాలిన నూగు ఉండడం వల్ల లోపలికి పోవడమే తప్ప బయటికి రాదు. తేమ తగిలితే తోక మెలి విప్పుకుంటూ గింజను మర మేకులా తిప్పుతుంది. వేళ్ల సందులో బొచ్చు విడదీసి చూస్తే మొదటి రోజు తోక కనిపిస్తుంది, చిమటాతో లాగితే వచ్చేస్తుంది. రెండు రోజులు పోనిస్తే చిన్న చీముగుల్ల మాత్రం కనిపిస్తుంది, గింజ ఎటు పోయిందో నాలాంటివాళ్లు కోసి వెతకాలి. కుక్క తల ఒక పక్కకు వాల్చి విదిలిస్తుంటే గింజ చెవిలో, ఆగకుండా తుమ్ముతుంటే ముక్కులో ఉందేమోనని డాక్టరుకు చూపించండి.

*

ప్రశ్న: మా డాబర్‌మన్‌ను ఊరి బయట గుట్టకు తిప్పి తెచ్చినప్పుడల్లా ఒంటినిండా పిడుదులు. నడక మానేశాం, అయినా తగ్గలేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఎందుకంటే మీ పిడుదులు గుట్ట మీద లేవు నాయనా, మీ ఇంటి గోడల్లో ఉన్నాయి. కుక్కలను పట్టే గోధుమరంగు పిడుదు అడవి పురుగు కన్నా ఇంటి పురుగనే చెప్పాలి. నెత్తురు తాగి ఉబ్బిన ఆడది రాలిపోయి, గోడ పగుళ్లలోకి, తలుపు చట్రాల వెనక్కి పాకి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్క పడుకునే చోట గోడ మీద, మోకాలి ఎత్తున పగుళ్లలో టార్చి వేసి చూడండి, చిన్న చిన్న గోధుమ చుక్కలు కదులుతుంటాయి. కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే నెలకోసారి ఈ ఉత్తరం రాస్తూనే ఉంటారు. పగుళ్లు సిమెంటుతో మూయించి, పడక గుడ్డలు మరిగే నీళ్లలో వేయండి. కుక్కకు వేసే మందు మీ ఊరి పశువైద్యుడు దాని బరువు చూసి రాస్తారు. పశువులకు వాడే మందు నీళ్లలో కలిపి కుక్కకు పూయడం చాలా ఇళ్లలో చూశాను, నాకి విషమెక్కిన కుక్కలనూ చూశాను.

పిడుదును కిరసనాయిలు పోసి, అగ్గిపుల్లతో కాల్చి తీయకండి. చిమటాతో తోలుకు ఆనించి పట్టి నిలువుగా లాగండి. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి నెత్తురు కారడం వీటిలో ఏది కనిపించినా పిడుదు జ్వరమని అనుమానించి ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. డాక్టరు నాలుగు వారాలు మాత్రలు రాస్తే నాలుగు వారాలూ వేయాలి. మీరు పది రోజులకే మానేసే రకమని మీ ఉత్తరం చూస్తే అనిపిస్తోంది, తప్పయితే క్షమించండి.

*

ప్రశ్న: చలికాలంలో పాములు బయటికి రావంటారు. అయినా కుక్కలతో నడిచేటప్పుడు కరిస్తే ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: రావని ఎవరన్నారు? మన చలికి పాము నిద్రపోదు, ఎండ కాచుకోవడానికి పగలే బండమీదికి వస్తుంది. రక్తపింజరులు జతకట్టే కాలం కూడా ఇదే. కుక్క ముక్కు పెట్టి చూస్తుంది కాబట్టి కాటు మూతి మీదో ముందరి కాలి మీదో పడుతుంది. అరగంటలో మూతి బుంగలా వాస్తే పింజరి అనుకోండి. నాగుపాము, కట్లపాము అయితే వాపు సంగతెలా ఉన్నా కళ్లు మూతలు పడి, కాళ్లు పట్టు తప్పుతాయి.

కట్టు బిగించడం, కోయడం, పీల్చడం, పసరు పోయడం, ఏదీ వద్దు. కుక్కను నడిపించకండి, ఎత్తుకుని రండి. దారిలోనే పశువైద్యశాలకు ఫోను చేసి విషం విరుగుడు ఇంజెక్షన్ ఉందో లేదో అడగండి. ఆ మందు మనుషులకు ఇచ్చేదే, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి నాలుగింటికీ ఒకటే. కుక్క చిన్నది కదా, సగం మందు చాలదా అని కొందరు బేరమాడతారు. ఆ మందు పోరాడేది విషంతో, కుక్క బరువుతో కాదు. పాము పెట్టిన విషం పెద్ద కుక్కకూ చిన్న కుక్కకూ ఒకటే.

నొప్పికి ఇంట్లో ఉన్న మనుషుల మాత్ర వేయకండి. పాము కాటు తట్టుకున్న కుక్క ఆ మాత్రతో పోవడం నా చేతిలోనే జరిగింది.

*

ప్రశ్న: ఆంటీ, ఆదివారం నడక అయ్యాక మేము ఉగ్గాని తింటుంటే మా స్నూపీ అడుగుతుంది. పెట్టవచ్చా?
– ఏడో తరగతి విద్యార్థిని, కర్నూలు

జవాబు: వద్దమ్మా. ఉగ్గానిలో ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పగలగొడతాయి. పచ్చిదైనా వేయించినదైనా అంతే. తాలింపు వేయకముందే నానబెట్టిన బొరుగులు ఒక గుప్పెడు పక్కకు తీసి దానికి పెట్టు. బజ్జీ నువ్వే తిను. ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా దాచుకో.

*

ప్రశ్న: డాక్టరమ్మా, మాది గొర్రెల మంద. మా తాతల నాటి నుంచి మందతోపాటు ఆరేడు కుక్కలు గుట్టలు ఎక్కి దిగుతాయి. గొలుసులూ లేవు, నీళ్ల సీసాలూ లేవు. చలికాలం రాత్రుళ్లు మంద బయటే ఉంటుంది. కుక్కలను విప్పవద్దని మీరు ఎప్పుడూ రాస్తుంటారు. మాకూ అదేనా? పోయిన ఏడు చిరుత ఒక కుక్కను ఎత్తుకుపోయింది.
– ఒక కాపరి (మా అబ్బాయి చేత రాయించాను), కళ్యాణదుర్గం దగ్గర

జవాబు: మీకు అది వర్తించదు అన్నా. నేను రాసేది ఆదివారం ఒక్కరోజు గుట్ట చూసే కుక్కల గురించి. మీ కుక్కకు మందే ఇల్లు, అది చెవులపిల్లి వెంట పోయినా గొర్రె అరిస్తే తిరిగి వస్తుంది. ఆ చదువు మేము చెప్పించలేనిది. చిరుత తిరిగే చోట కుక్కను మంద అంచున కట్టేయడం ఎరగా పెట్టడమే, కాబట్టి మీ కుక్కలకు గొలుసు వద్దనే చెబుతాను. రాత్రి అవి కంప లోపలే, గొర్రెల మధ్యే పడుకునేలా చూడండి. చిరుత పట్టేది గొంతు. హిమాలయాల్లో కాపరులు తమ కుక్కల మెడకు మేకులు బయటికి పొడుచుకొచ్చిన ఇనుప పట్టీ వేస్తారు. మీ ఊరి కమ్మరి ఒక పూటలో చేసి ఇవ్వగలడు. మేకుల మొదళ్లు లోపల గుచ్చుకోకుండా మందపాటి తోలు వేయించండి.

మీ విషయంలో నా భయం చిరుత కంటే చిన్నది, కంటికి కనిపించనిది. గొర్రెను కోసినప్పుడు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కనిపిస్తే వాటిని కుక్కలకు విసిరేస్తారు కదా? ఆ తిత్తిలో ఉండేది బద్దెపురుగు పిల్లలు. కుక్క కడుపులో అవి పెరిగి గుడ్లు పెడతాయి, కుక్క పేడతో గడ్డిమీద పడి మళ్లీ గొర్రెలోకి, కుక్కను నిమిరిన చేతితో అన్నం తింటే మనిషిలోకి వస్తాయి. మనిషి కాలేయంలో ఆ తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది, ఆపరేషన్ దాకా వెళుతుంది. తిత్తులున్న ముక్కలను కాల్చేయండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చండి. ఆరేడు కుక్కలకూ మూడు నెలలకోసారి బద్దెపురుగు మాత్ర వేయండి. పిచ్చికుక్క రోగం టీకా ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా వేయించాడు. గుట్ట మీది కుక్కలను ఊళ్లోకి తేవడం కష్టమంటే, ముందు రోజే డాక్టరుకు చెప్పి పెట్టండి, మంద ఎక్కడుందో చెబితే బండిమీద వచ్చేవాళ్లు ఉన్నారు. నేనూ వచ్చేదాన్ని.

మాత్ర మింగకపోతే సంకటి ముద్ద మధ్యలో పెట్టి, మొదట మాత్ర లేని ముద్ద ఒకటి, తర్వాత మాత్ర ఉన్నది, వెంటనే మూడోది చూపించండి. మూడోదాని ఆశకు రెండోది నమలకుండా మింగేస్తుంది. ఏడు కుక్కల మధ్య పోటీ ఉంటే ఇంకా సులువు.